మెనూలో సరైన ట్యాబ్ కింద గీత నిలవడం లేదు, పేజీ మారగానే ‘మొదటి పేజీ’కి పోతోంది

మగ్గం_అబ్బాయి · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మంగళగిరిలో మా పిన్నివాళ్లకు చేనేత చీరల కొట్టు ఉంది. వాళ్ల వెబ్‌సైట్ నేనే చేస్తున్నాను. సర్వర్ వైపు నడిచే పీహెచ్‌పీ కొంచెం వచ్చు, మిగతాది చూసి నేర్చుకుంటున్నాను. పైన మెనూలో ఐదు ట్యాబ్‌లు: మొదటి పేజీ, చీరలు, డ్రెస్ మెటీరియల్, మగ్గం కబుర్లు, సంప్రదించండి. ఏ పేజీలో ఉంటే ఆ ట్యాబ్ కింద మెరూన్ రంగు గీత రావాలి. నాకు కావాల్సింది అంతే, చాలా రోజుల నుంచి కుదరట్లేదు.

మొదట హెడర్ ఫైల్లో ‘మొదటి పేజీ’కి యాక్టివ్ అని క్లాస్ (గీత దేనికి రావాలో చెప్పే పేరు) రాసేశాను. అన్ని పేజీలకూ హెడర్ ఒకటే కాబట్టి ఎక్కడికి వెళ్లినా గీత అక్కడే. తర్వాత జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో, ట్యాబ్ నొక్కగానే పాతదానికి క్లాస్ తీసేసి నొక్కినదానికి పెట్టేలా రాశాను. నొక్కగానే గీత అటు జరుగుతుంది, కొత్త పేజీ తెరుచుకోగానే మళ్లీ మొదటి పేజీ కిందకి వచ్చేస్తుంది. సరే అని నొక్కిన ట్యాబ్ పేరు లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ తన దగ్గర దాచుకునే చోట) దాచి, పేజీ తెరుచుకున్నప్పుడు అది చదివి గీత పెట్టేలా మార్చాను. బాగానే ఉంది అనుకున్నాను.

మొన్న ఏమైందంటే, పిన్ని వాట్సాప్‌లో ఒకావిడకు చీర లింకు పంపింది. ఆవిడ నాలుగు రోజుల కిందట కొట్టు ఫోన్ నంబర్ కోసం మా సైట్లోనే ‘సంప్రదించండి’ నొక్కి ఉన్నారట. ఇప్పుడు చీర తెరిచినా గీత ‘సంప్రదించండి’ కిందే ఉంది. పిన్ని ఫోన్లో ఎవరికైనా దారి చెప్పాలంటే ముందు అడిగేది ఒకటే: “పైన ఏ మాట కింద గీత ఉందమ్మా?” ఆవిడ “సంప్రదించండి” అన్నారు. పిన్ని ఆ పేజీ అనుకుని “కిందకి జరపండి, పేరు రాసే పెట్టె ఉంటుంది” అని చెబుతూనే ఉంది, అక్కడేమో చీర ఫొటోలు. పది నిమిషాల తర్వాత ఆవిడ విసిగిపోయి పెట్టేశారు. పిన్ని నన్ను ఏమీ అనలేదు కానీ నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరైనా దారి చూపించండి.

గోదారిగట్టు · రాత్రి 9:40

తమ్ముడూ, చివరి రెండు ప్రయత్నాల్లోనూ తప్పు ఒక్కటే. గీత ఎక్కడ ఉండాలో తెలుసుకోవడానికి, ఎవరు ఏది నొక్కారా అని చూస్తున్నావు. చూడాల్సింది ఇప్పుడు తెరిచి ఉన్న పేజీని. రైలు ఏ స్టేషన్లో ఆగిందో టికెట్ చూసి చెప్పలేం కదా, ప్లాట్‌ఫామ్ మీద పసుపు బోర్డు చూడాలి.

లింకు నొక్కితే బ్రౌజర్ పాత పేజీని మొత్తంగా వదిలేసి సర్వర్ నుంచి కొత్త హెచ్‌టీఎంఎల్ తెచ్చుకుంటుంది. పాత పేజీలో జేక్వెరీ పెట్టిన క్లాస్ దాంతోపాటే పోతుంది. లోకల్ స్టోరేజ్ మిగులుతుంది, కానీ అది ఆ బ్రౌజర్లో నీ సైట్ మొత్తానికి ఒకటే, రోజులు గడిచినా అలాగే ఉంటుంది. రెండు కిటికీల్లో రెండు పేజీలు తెరిస్తే ఒకదాని మాట రెండోదానికి అంటుకుంటుంది. పిన్నిగారి లింకుతో నేరుగా వచ్చినావిడ అసలు ఏ ట్యాబూ నొక్కలేదు, అప్పుడు పాత మాటే బయటికొచ్చింది.

నీకు పీహెచ్‌పీ ఉంది కాబట్టి సర్వర్ దగ్గరే తేల్చెయ్. ప్రతి పేజీలో, హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేసే లైనుకు ముందు ఒక వేరియబుల్ పెట్టు, దాని పేరు ట్యాబ్ అనుకో. చీరల పేజీలో దాని విలువ ‘చీరలు’. ఒక్కో చీర వివరాలు చూపించే పేజీలో కూడా ‘చీరలు’ అనే ఉండాలి, అది ముఖ్యం. హెడర్లో ఐదు ట్యాబ్‌లనూ ఒక అర్రేలో (జాబితాలో) రాసి ఫర్‌ఈచ్‌తో ఒక్కొక్కటిగా తిప్పు. తిరిగేటప్పుడు పేరు, వేరియబుల్ సరిపోతే క్లాస్ రాయి, లేకపోతే ఏమీ రాయకు. మెనూ ఒకే చోట ఉంటుంది, రేపు ఆరో ట్యాబ్ వచ్చినా ఒక్క లైనే.

ఫైలు పేరు చూసి ట్యాబ్‌ను ఊహించే పద్ధతి కూడా ఉంది, నేనూ చాలాకాలం అదే వాడాను. ఐదు పేజీలున్నంతవరకు పర్వాలేదు. తర్వాత వెతుకులాట ఫలితాల పేజీ వస్తుంది, ‘ఆర్డర్ అందింది’ అనే పేజీ వస్తుంది, అవి ఏ ట్యాబ్‌కూ చెందవు. అలాంటి పేజీల్లో ఏదీ వెలగకూడదు, దగ్గరగా ఉంది కదా అని దేన్నో ఒకదాన్ని వెలిగిస్తే చదివేవాళ్లకు అబద్ధం చెప్పినట్టు.

మగ్గం_అబ్బాయి · రాత్రి 10:25

అన్నా, మీరు చెప్పినట్టే రాశాను. ఇప్పుడు ఐదింటి కిందా గీతలు వచ్చాయి.

గోదారిగట్టు · రాత్రి 10:28

ఇఫ్‌లో సమానం గుర్తు ఒకటి పెట్టావా, మూడు పెట్టావా?

మగ్గం_అబ్బాయి · రాత్రి 10:30

ఒకటే.

గోదారిగట్టు · రాత్రి 10:33

అదే. ఒకటి పెడితే పోల్చడం కాదు, వేరియబుల్‌లోకి ఆ విలువ ఎక్కించడం. ఎక్కించిన పేరు ఖాళీగా లేదు కాబట్టి ఇఫ్ ప్రతిసారీ అవుననే అంటుంది. మూడు పెట్టు.

మగ్గం_అబ్బాయి · రాత్రి 10:41

వచ్చింది అన్నా! చీరలు, డ్రెస్ మెటీరియల్, రెండూ సరిగ్గా ఉన్నాయి. పొద్దున పిన్నికి చూపిస్తాను.

కొత్తగా_నేర్చుకుంటున్నా · రాత్రి 11:05

నాదీ ఇదే సమస్య. కానీ నాది గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టిన మామూలు హెచ్‌టీఎంఎల్ సైట్, సర్వర్ వైపు ఏమీ నడవదు. జావాస్క్రిప్ట్‌తో పేజీ అడ్రస్ తీసుకుని లింకుల అడ్రస్‌లతో పోల్చి క్లాస్ పెడితే తప్పా?

సికింద్రాబాద్_స్క్రిప్టు · రాత్రి 11:30

తప్పేం కాదు. నొక్కును నమ్మకుండా అడ్రస్‌ను నమ్ముతున్నావు, దారి సరైనదే. పోల్చే దగ్గరే జాగ్రత్త కావాలి, అక్కడ నేను తిన్న దెబ్బలు చెబుతా.

మొత్తం అడ్రస్ పోల్చకు, లొకేషన్‌లో పాత్‌నేమ్ (సైట్ పేరు తర్వాత, ప్రశ్నార్థకానికి ముందు ఉండే దారి) ఒక్కటే తీసుకో. లేకపోతే ఫేస్‌బుక్ లాంటివాటి నుంచి వచ్చే లింకుల చివర ప్రశ్నార్థకం తర్వాత తోకలు ఉంటాయి, ఒక్కటీ సరిపోదు. చివర స్లాష్ ఉన్నా లేకపోయినా ఒకటే అయ్యేలా ముందు దాన్ని కత్తిరించు. ‘ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్’ అని వస్తే అదీ తీసెయ్, ఎందుకంటే మొదటి పేజీకి జనం రెండు అడ్రస్‌లతోనూ వస్తారు.

తర్వాత అసలుది. లోపలి పేజీల కోసం ‘ఈ అడ్రస్ ఆ లింకుతో మొదలవుతోందా’ అని చూస్తావు కదా. మొదటి పేజీ లింకు ఒట్టి స్లాష్, సైట్లో ప్రతి అడ్రస్ స్లాష్‌తోనే మొదలవుతుంది, అందుకే అది ప్రతి పేజీలోనూ వెలుగుతుంది. దానికి మాత్రం అచ్చంగా సరిపోవాలి అని వేరే నిబంధన పెట్టు. అలాగే ‘చీర’ అని ఒక లింకు, ‘చీరలు’ అని ఇంకో లింకు ఉంటే రెండూ వెలుగుతాయి, అందుకని లింకుకూ అడ్రస్‌కూ రెండింటి చివరా స్లాష్ కలిపి పోల్చు.

స్క్రిప్ట్ నడిచేదాకా గీత ఉండదు, స్లో నెట్‌లో అది కనబడుతుంది. నిజానికి స్టాటిక్ సైట్ అయినా హ్యూగో, జెకిల్ లాంటి సైట్ తయారుచేసే పనిముట్లు వాడుతుంటే సైట్ తయారయ్యేటప్పుడే ఈ పని అయిపోతుంది. గిట్‌హబ్ పేజెస్ జెకిల్‌ను తనే నడుపుతుంది, చూడు.

మగ్గం_అబ్బాయి · శనివారం ఉదయం 8:15

మళ్లీ వచ్చాను. మగ్గం కబుర్ల పేజీలు అన్నీ ఒకే ఫైలు నుంచి వస్తాయి, హెచ్‌టీయాక్సెస్ అనే సర్వర్ సెట్టింగుల ఫైలుతో వాటికి తెలుగు అడ్రస్‌లు ఇచ్చాను. చీరలు, డ్రెస్ మెటీరియల్ కూడా అదే ఫైలుకు మార్చేద్దామని రాత్రి కూర్చున్నాను. రిక్వెస్ట్ యూఆర్ఐలో (బ్రౌజర్ అడిగిన అడ్రస్‌లో) మొదటి ముక్క తీసి, మధ్య ఖాళీకి బదులు అడ్డగీత పెట్టిన ట్యాబ్ పేరుతో పోల్చాను. మొదటి పేజీ తప్ప ఒక్కటీ సరిపోవట్లేదు. ఎకో చేసి (తెర మీద రాయించి) చూస్తే చీరలు అన్నచోట శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలు పెద్ద వరసగా ఉన్నాయి.

లిపి_ప్రియ · ఉదయం 9:02

ఇది మన భాషలో అడ్రస్‌లు పెట్టేవాళ్లందరికీ ఎదురయ్యేదే, కంగారు పడకండి. అడ్రస్ పట్టీలో బ్రౌజర్ మనకు తెలుగు చూపిస్తుంది కానీ సర్వర్‌కు పంపేటప్పుడు ప్రతి బైట్‌నూ శాతం గుర్తుతో మార్చి పంపుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు. ఒక్కో బైట్ మారితే 3 గుర్తులు. అంటే ఒక్కోదానికి 9. ‘చీరలు’ అంటే చ, దాని దీర్ఘం, ర, ల, దాని కొమ్ము, మొత్తం 5. అంటే 45 గుర్తుల వరస, మీరు చూసింది అదే.

పీహెచ్‌పీలో పోల్చే ముందు ఆ ముక్కను రా-యూఆర్ఎల్-డీకోడ్ చేయండి, మళ్లీ తెలుగవుతుంది. జావాస్క్రిప్ట్ వాడేవాళ్లకు కూడా ఇదే తిప్పలు: గెట్ అట్రిబ్యూట్‌తో లింకు తీసుకుంటే మీరు రాసిన తెలుగు వస్తుంది, లొకేషన్ ఇచ్చేది మార్చిన వరస, రెండూ ఎప్పటికీ కలవవు. లింకుకే పాత్‌నేమ్ అనే ప్రాపర్టీ ఉంది, అది తీసుకుంటే రెండు వైపులా ఒకే రూపం.

మగ్గం_అబ్బాయి · ఉదయం 9:50

చాలా థాంక్స్ అండీ. చీరలు, కబుర్లు వచ్చాయి. డ్రెస్ మెటీరియల్ ఒక్కటి రావట్లేదు. రెండు చోట్లా ఒకేలా కనబడుతోంది, అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టి చూశాను.

లిపి_ప్రియ · ఉదయం 10:04

డీకోడ్ చేయకుండా ఆ పొడుగు వరసను ఒకసారి చూడండి. తెలుగు అక్షరాల వరసలన్నీ ‘%ఈ0’తో మొదలవుతాయి. మధ్యలో ఎక్కడైనా ‘%ఈ2%80%8సీ’ అని ఉందా?

మగ్గం_అబ్బాయి · ఉదయం 10:11

ఉంది! ‘స్’ తర్వాత, అడ్డగీతకు ముందు.

లిపి_ప్రియ · ఉదయం 10:22

అనుకున్నాను. అది కంటికి కనబడని అక్షరం, జీరో విడ్త్ నాన్-జాయినర్ అంటారు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద ‘వ’ వత్తుగా పడిపోకుండా మధ్యలో దాన్నే పెడతాం. అక్కడ అది అవసరం. కానీ కొన్ని కీబోర్డులు పొల్లు రాసిన ప్రతిచోటా దాన్ని తామే పెట్టేస్తాయి. ‘డ్రెస్’ చివర, పక్కన అడ్డగీత ఉన్నప్పుడు, అది ఉన్నా లేకపోయినా చూడ్డానికి తేడా ఉండదు. మీరు ఒకచోట ఫోన్లో, ఇంకోచోట ల్యాప్‌టాప్‌లో టైప్ చేసి ఉంటారు. మనకు ‘డ్రెస్’ రెండు చోట్లా ఒకటే, కంప్యూటర్‌కు ఒకటి 6 గుర్తులు, రెండోది 7.

ఐత్వంలో కూడా ఇలాంటిదే ఉంది, ‘పై’లో ఉన్న గుర్తును యూనికోడ్‌లో ఒక గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేస్తే అది ఒకటవుతుంది, కానీ ఈ కనబడని అక్షరం దానికి పోదు, మనమే తీసేయాలి.

నన్నడిగితే తెలుగు పేరుతో పోల్చడమే వద్దు. అర్రేలో ప్రతి ట్యాబ్‌కూ మూడు రాసుకోండి: పైన చూపించే తెలుగు పేరు, అడ్రస్, లోపల పోల్చుకోవడానికి చిన్న గుర్తు. ట్యాబ్ 1, ట్యాబ్ 2 అని పెట్టినా చాలు. పేరు రేపు ‘డ్రెస్ మెటీరియల్’ నుంచి ‘డ్రెస్ బట్టలు’ అయినా గీత చెదరదు.

వరంగల్_వెబ్బు · ఉదయం 11:15

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే నా అనుభవం చెప్తా. మెనూను వర్డ్‌ప్రెస్‌తోనే తయారు చేయిస్తే క్లాసులు అదే ఇస్తుంది. ఉన్న పేజీకి కరెంట్-మెనూ-ఐటమ్, దాని పైవాటికి కరెంట్-మెనూ-యాన్సెస్టర్. వాటికి స్టైల్ రాస్తే చాలు, జావాస్క్రిప్ట్ అక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం మోసం చేస్తది. బ్లాగ్ కోసం వేరే పేజీ పెట్టుకుని, ఉత్పత్తుల కోసం కస్టమ్ పోస్ట్ టైప్ (సొంతంగా పెట్టుకునే పేజీల రకం) చేసుకున్నారనుకోండి. ఉత్పత్తి పేజీ తెరిస్తే బ్లాగ్ ట్యాబ్‌కు కరెంట్-పేజ్-పేరెంట్ అనే క్లాస్ వచ్చి కూర్చుంటది. థీమ్ ఆ క్లాస్‌కు రంగు ఇచ్చి ఉంటే విత్తనాల పేజీలో ఉన్నా ‘వార్తలు’ వెలుగుతుంటది. నేను ఒక రైతు బజారు సైట్ చేసేటప్పుడు రెండు రోజులు దీని మీదే పోయినయ్. నావ్-మెనూ-సీఎస్ఎస్-క్లాస్ అనే ఫిల్టర్ పట్టుకుని, కస్టమ్ పోస్ట్ అయితే ఆ క్లాస్ తీసేసి దాని ట్యాబ్‌కు పెట్టాలె.

ఇంకొకటి, మెనూను క్యాష్‌లో (తొందరగా చూపించడానికి దాచిన కాపీలో) పెట్టేటోళ్లు. పేజీ మొత్తం క్యాష్ చేస్తే ఏం కాదు, ఒక్కో అడ్రస్‌కు ఒక్కో కాపీ ఉంటది. హెడర్ ముక్కను ఒక్కదాన్నే క్యాష్ చేస్తే మాత్రం, ముందుగా ఎవరు ఏ పేజీ తెరిచారో ఆ గీతే క్యాష్ పోయేదాకా అందరికీ కనబడతది. మీ మిషన్ మీద బాగుండి సర్వర్ మీద చెడితే ముందు అక్కడ చూడండి.

తెలుగు అడ్రస్‌ల మాట వచ్చింది కాబట్టి, వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కు (అడ్రస్ చివర ఉండే పేజీ పేరుకు) 200 గుర్తులే చోటు. లిపి_ప్రియ గారు చెప్పిన 9 లెక్కన 22 దగ్గర తెగిపోతది. పెద్ద శీర్షికలు పెట్టేటోళ్లు స్లగ్ చేత్తో చిన్నగా రాసుకోండి.

టెక్సాస్_తెలుగమ్మాయి · ఉదయం 11:48

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో కూడా ఇదే తప్పు రోజూ చూస్తాను. ఏ ట్యాబ్ వెలగాలో యూజ్‌స్టేట్‌లో (పేజీ తనలో గుర్తుంచుకునే విలువలో) పెట్టి, ఆన్‌క్లిక్‌లో మారుస్తారు. రీఫ్రెష్ కొడితే మొదటికొస్తుంది, బ్యాక్ కొడితే పేజీ మారుతుంది కానీ ట్యాబ్ మారదు. రియాక్ట్ రౌటర్‌లో నావ్‌లింక్ వాడితే అది అడ్రస్ చూసి తనే యాక్టివ్ క్లాస్ పెడుతుంది. లోపలి పేజీల్లో పైది వెలగకూడదు అనుకుంటే ఎండ్ అనే ప్రాప్ ఇవ్వాలి, వెర్షన్ 5 వరకు దాన్నే ఎగ్జాక్ట్ అనేవాళ్లు. రియాక్ట్ మీదే కట్టిన నెక్స్ట్‌లో యాప్ రౌటర్ అయితే యూజ్‌పాత్‌నేమ్. ఏదైనా సరే ట్యాబ్‌కు వేరే స్టేట్ పెట్టొద్దు, అడ్రస్ పట్టీయే స్టేట్.

శ్రవణం · మధ్యాహ్నం 12:30

నేను చూపు లేనివాణ్ని, తెర మీదది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌తో చదువుతాను. ఇంతమంది ఇంత ఓపికగా చెప్పుకోవడం సంతోషంగా ఉంది, కానీ ఇప్పటిదాకా చెప్పిన గీత, రంగు, క్లాస్, వీటిలో ఏదీ నాకు వినబడదు. ఐదు లింకులు వరసగా చదువుతుంది, నేను వాటిలో ఎక్కడున్నానో చెప్పదు. ఫోన్లో పిన్నిగారు నన్ను “ఏ మాట కింద గీత ఉంది” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఏరియా-కరెంట్ (aria-current) అనే అట్రిబ్యూట్ ఉంది. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2017 డిసెంబర్‌లో ఇచ్చిన ఏరియా 1.1లో వచ్చింది. వెలగాల్సిన లింకుకు ఏరియా-కరెంట్, విలువ ‘పేజ్’ అని రాస్తే, ఆ లింకు దగ్గరకు రాగానే ‘ఇది ఇప్పుడున్న పేజీ’ అని నాకు చెబుతుంది. లింకు మీదే పెట్టండి, చుట్టూ ఉన్న లిస్ట్ ఐటమ్ మీద కాదు.

ఒక విన్నపం. పైన మెనూను ట్యాబ్‌లు అంటున్నాం కదా అని రోల్‌లో ‘ట్యాబ్’ అని, ఏరియా-సెలెక్టెడ్ అని పెట్టకండి. ఆ రోల్ ఒకే పేజీలో పలకలు మార్చే వాటికి. నాకు ‘ట్యాబ్’ అని వినబడితే బాణం మీటలతో మారుతుందనుకుంటాను, అవి పనిచేయవు, మెనూ చెడిపోయిందనుకుంటాను. ఇవి మామూలు లింకులు, లింకులుగానే ఉండనివ్వండి.

గోదారిగట్టు · మధ్యాహ్నం 12:52

శ్రవణం గారూ, నేను ఇన్నేళ్లుగా ఇది చేస్తూ క్లాస్ గురించే చెబుతూ వచ్చాను, ఇవాళ్టి నుంచి మారుస్తాను. ఒక సందేహం. చీర వివరాల పేజీలో ‘చీరలు’ ట్యాబ్ వెలగాలి. కానీ ఆ లింకు తీసుకెళ్లేది జాబితా పేజీకి, ఇప్పుడున్నది అది కాదు. అప్పుడు కూడా ‘పేజ్’ అంటే తప్పు కదా?

శ్రవణం · మధ్యాహ్నం 1:10

తప్పే. అక్కడ విలువ ‘ట్రూ’ అని ఇవ్వండి. అప్పుడు ఒట్టి ‘ప్రస్తుతం’ అని మాత్రం వినబడుతుంది, ఈ విభాగంలో ఉన్నానని అర్థమవుతుంది, నొక్కితే జాబితాకు వెళ్తాననీ తెలుస్తుంది.

టెక్సాస్_తెలుగమ్మాయి · మధ్యాహ్నం 1:25

దీనికి ఇంకో లాభం ఉంది. యాక్టివ్ క్లాస్‌ను పూర్తిగా తీసేసి, సీఎస్ఎస్‌లో గీతను ఏరియా-కరెంట్ ఉన్న లింకుకే రాయండి. అప్పుడు కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ ఎప్పుడూ ఒకటే. అట్రిబ్యూట్ మర్చిపోతే గీత కూడా రాదు, కాబట్టి వెంటనే మీకే తెలిసిపోతుంది. ఒక్కటే జాగ్రత్త, మిగతా నాలుగింటికి ‘ఫాల్స్’ అని రాయకండి. అట్రిబ్యూట్ ఉందా లేదా అని చూసే సెలెక్టర్ ఫాల్స్‌ను కూడా పట్టుకుంటుంది, ఐదూ మళ్లీ వెలుగుతాయి. అసలు రాయకుండా వదిలేయాలి.

మగ్గం_అబ్బాయి · సాయంత్రం 6:40

ఇప్పుడే అన్నీ మార్చి కూర్చున్నాను. శ్రవణం అన్నా, ఎన్‌వీడీఏ దింపుకుని నేనే కళ్లు మూసుకుని విన్నాను. ‘చీరలు’ దగ్గర చెప్పింది! మీకు చాలా రుణపడి ఉన్నాను.

గీత దగ్గర చిన్న తేడా. ముందు వెలిగే ట్యాబ్‌ను బోల్డ్ చేశాను, మాట వెడల్పయి పక్కవి జరుగుతున్నాయి. అందుకని అన్నిటికీ 3 పిక్సెళ్ల అడుగు గీత కనబడని రంగులో పెట్టి, వెలిగేదానికి మాత్రం మెరూన్ ఇచ్చాను. బాగుందా ఇది?

సికింద్రాబాద్_స్క్రిప్టు · రాత్రి 7:05

మామూలుగా బాగుంటుంది. విండోస్‌లో హై కాంట్రాస్ట్ పెట్టుకునేవాళ్ల దగ్గర చూడు. అక్కడ బ్రౌజర్ మన రంగులన్నీ తీసేసి వాళ్లవి వేస్తుంది. కనబడని బోర్డర్ కూడా వాళ్ల రంగు పట్టుకుని కనబడుతుంది. ఐదింటికీ గీతలే. బాక్స్-షాడో వాడితే అసలు కనబడదు, దాన్ని తీసేస్తుంది. చూపు తక్కువున్నవాళ్లే ఆ మోడ్ వాడతారు, గీత ఎక్కువ కావాల్సిందీ వాళ్లకే.

అందుకని బోర్డర్ వదిలేసి మాటకే అండర్‌లైన్ ఇవ్వు, టెక్స్ట్-డెకరేషన్ మందం 3 పిక్సెళ్లు. అది వెడల్పు మార్చదు, ఆ మోడ్‌లో కూడా నిలుస్తుంది. మిగతా నాలుగింటికి అండర్‌లైన్ ఉండకూడదు. రంగు ఒక్కదాని మీదే ఆధారపడకు, మెరూన్‌కీ నల్లకీ తేడా తెలియని కళ్లుంటాయి, గీత ఉండటం లేకపోవడం అందరికీ తెలుస్తుంది.

లిపి_ప్రియ · రాత్రి 7:20

అండర్‌లైన్ ఇస్తే ఆఫ్‌సెట్ (మాటకూ గీతకూ మధ్య దూరం) కూడా పెంచండి. ‘డ్రెస్’లో ర వత్తు, ‘కబుర్లు’లో ల వత్తు కిందకి దిగుతాయి. మామూలు దూరంలో గీత వాటి మీదుగా పోతుంది, లేదా బ్రౌజర్ వత్తు దగ్గర గీతను తెంపి ముక్కలుగా చూపిస్తుంది. ‘చీరలు’ ఒక్కటే చూసి సరిపోయింది అనుకోవద్దు. వత్తు ఉన్న మాటతో చూసి, దాని కిందుగా గీత వచ్చేదాకా దించండి, నాకు ఎక్కువసార్లు 0.4 ఈఎమ్ (ఫాంట్ సైజులో 0.4 వంతు) దగ్గర కుదిరింది. ఫాంట్‌ను బట్టి మారుతుంది.

మగ్గం_అబ్బాయి · ఆదివారం మధ్యాహ్నం 3:10

గీత చక్కగా వచ్చింది. కానీ పిన్ని ఫోన్లో ఒక తప్పు మిగిలింది. మొదటి పేజీలో ఉండి ‘సంప్రదించండి’ నొక్కి, తర్వాత బ్యాక్ కొడితే మొదటి పేజీ వస్తుంది, గీత మాత్రం ‘సంప్రదించండి’ కింద. రీఫ్రెష్ చేస్తే సరిపోతుంది. ఇప్పుడు అంతా పీహెచ్‌పీయే కదా, ఇదెలా వస్తుంది?

టెక్సాస్_తెలుగమ్మాయి · మధ్యాహ్నం 3:32

మొదట్లో రాసిన జేక్వెరీ తీసేశారా?

మగ్గం_అబ్బాయి · మధ్యాహ్నం 3:40

లోకల్ స్టోరేజ్ తీసేశాను. నొక్కినప్పుడు మార్చేది ఉంది, దాన్ని ఏరియా-కరెంట్ మార్చేలా సరిచేసి ఉంచాను. గీత వెంటనే జరిగితే బాగుంటుందని.

టెక్సాస్_తెలుగమ్మాయి · మధ్యాహ్నం 3:58

అదే కారణం. మీరు వేరే పేజీకి వెళ్లినప్పుడు ఇప్పటి బ్రౌజర్లు పాత పేజీని వెంటనే పారేయవు. ఉన్నది ఉన్నట్టు, జావాస్క్రిప్ట్‌తో సహా మెమరీలో పక్కన పెడతాయి, బీఎఫ్ క్యాష్ అంటారు. బ్యాక్ కొడితే సర్వర్‌ను అడగకుండా దాన్నే తెచ్చి చూపిస్తాయి, అందుకే అంత తొందరగా వస్తుంది. మీరు ‘సంప్రదించండి’ నొక్కగానే ఆ స్క్రిప్ట్ మొదటి పేజీలోనే గీతను జరిపింది, తర్వాత పేజీ పక్కకు వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆ జరిగిన గీతతోనే వచ్చింది. పేజ్‌షో అనే ఈవెంట్ పట్టుకుని సరిచేయొచ్చు, కానీ మీకు ఆ స్క్రిప్ట్ అవసరమే లేదు. మొత్తం తీసేయండి.

మగ్గం_అబ్బాయి · సాయంత్రం 4:20

తీసేశాను, పోయింది. మెనూకు ఇప్పుడు ఒక్క లైను జావాస్క్రిప్ట్ కూడా లేదు.

కొత్తగా_నేర్చుకుంటున్నా · సాయంత్రం 5:05

నా సైట్ అంతా ఒకే పేజీ, కిందకి జరిపేకొద్దీ ట్యాబ్ మారాలి. దానికి ఈ పద్ధతులేవీ పనిచేయవు కదా?

సికింద్రాబాద్_స్క్రిప్టు · సాయంత్రం 5:25

దానికి ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ వాడు, ఏ భాగం తెర మీద ఉందో అదే చెబుతుంది. రూట్‌మార్జిన్‌తో పైన కింద కోసేసి తెర మధ్యలో సన్నని పట్టీ మాత్రం ఉంచు, ఆ పట్టీని తాకిన భాగమే వెలగాలి. చివరి భాగం పొట్టిగా ఉంటే పట్టీ దాకా రాదు, దాని ట్యాబ్ ఎప్పటికీ వెలగదు. ఆ భాగానికి కనీస ఎత్తు ఇచ్చెయ్. మిగతాది కొత్త చర్చ పెట్టు, ఇక్కడ కలపొద్దు.

వరంగల్_వెబ్బు · సాయంత్రం 6:10

తమ్మీ, ఒక్క ముచ్చట. మీ పిన్ని కస్టమర్లందరూ ఫోన్లలోనే చూస్తరు కదా. ఫోన్లో నీ మెనూ మూడు గీతల బటన్ వెనక దాక్కుంటదా? దాక్కుంటే ఇంత చేసినా పైన గీత ఎవరికీ కనబడదు.

మగ్గం_అబ్బాయి · రాత్రి 8:30

నిజమే అన్నా, దాక్కునేది. ఐదు మాటలే కాబట్టి బటన్ తీసేసి పక్కకు జరిగే వరసలా పెట్టాను. మళ్లీ ఇంకోటి తగిలింది, చిన్న ఫోన్లలో ‘సంప్రదించండి’ తెర బయటికి పోతోంది, ఆ పేజీలో ఉంటే గీత ఎక్కడా కనబడదు.

సికింద్రాబాద్_స్క్రిప్టు · రాత్రి 8:44

ఇక్కడ మాత్రం రెండు లైన్ల జావాస్క్రిప్ట్ తప్పదు. పేజీ తెరుచుకోగానే ఏరియా-కరెంట్ ఉన్న లింకును పట్టుకుని స్క్రోల్-ఇంటూ-వ్యూ పిలువు, ఇన్‌లైన్ విలువ ‘సెంటర్’, బ్లాక్ విలువ ‘నియరెస్ట్’. బ్లాక్ ఇవ్వకపోతే పేజీ నిలువుగా కూడా జరిగే ప్రమాదం ఉంది. ఇది గీత ఎక్కడుండాలో నిర్ణయించట్లేదు, సర్వర్ పెట్టిన గీతను తెర మీదకు తెస్తోంది అంతే.

మగ్గం_అబ్బాయి · సోమవారం ఉదయం 11:20

పెట్టాను. పొద్దున కొట్లో పిన్ని పక్కనే కూర్చుని ఉన్నాను. పిన్ని నిజాం బోర్డర్ చీర లింకు పంపిన ఒకావిడ ఫోన్ చేశారు. పిన్ని ఎప్పటిలాగే “పైన ఏ మాట కింద గీత ఉందమ్మా” అంది. “చీరలు” అన్నారు ఆవిడ. “అదే నొక్కండి, అన్నీ వరసగా వస్తాయి, పై నుంచి రెండో వరసలో ఆకుపచ్చది” అంది పిన్ని. అవతల కొంచెంసేపు మాట లేదు. తర్వాత “ఆఁ, దొరికింది, దీనికి జాకెట్టు ముక్క ఉందా?” అని అడిగారు.